దసరాకి నలుగురం పక్కపక్కన కూర్చుని ఆడాలి, పాతిక వేలలో ఏం కొనమంటారు?

పర్లాకిమిడి_రెండోరిమోట్
ఈ దసరాకి మా బ్యాచ్ మొత్తం ఊళ్ళో కలుస్తున్నాం. ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు అయ్యాక అందరికీ ఒకేసారి సెలవు దొరకడం ఇదే మొదలు. ఇద్దరం తెలుగువాళ్ళం, ఇద్దరు ఒడియావాళ్ళు, అందరిదీ ఒకే వీధి. టీవీ గేమ్ పెట్టె మా ఇంట్లోనే ఉండేది కాబట్టి వేసవి సెలవులన్నీ మా ముందుగదిలోనే గడిచేవి. రెండే రిమోట్లు. చచ్చినవాడు రిమోట్ పక్కవాడికి ఇచ్చెయ్యాలి, అదే రూలు. కాంట్రాలో జలపాతం స్టేజీ వచ్చిందంటే కొట్లాటే. పైనున్నవాడు గబగబా ఎక్కేస్తే తెర పైకి జరిగిపోయి కిందున్నవాడు చచ్చిపోతాడు కదా. కావాలనే ఎక్కేశావని ఒకడు, నువ్వే వెనకబడ్డావని ఇంకొకడు.

ఇప్పుడు విషయానికొస్తే, ఆన్‌లైన్లో పదివేల గేమ్‌ల స్టిక్ ఒకటి తెప్పించాను. టీవీ వెనక గుచ్చేది, రెండు వైర్‌లెస్ రిమోట్లు. మారియోలో ఎగరమని నొక్కితే వాడు గోతిలో పడ్డాకే స్పందిస్తున్నాడు. ఒకే గేమ్ నాలుగైదు పేర్లతో ఉంది. అమ్మినవాళ్ళు ఫోనే ఎత్తట్లేదు.

మేడ మీద పాత డబ్బా టీవీ ఉంది, 21 అంగుళాలది. అమ్మ దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానంటోంది. పాత గేమ్ పెట్టె కూడా అక్కడే ఉంది, అడాప్టర్ మాత్రం లేదు. దాన్నే బాగుచేయించనా, సెకండ్ హ్యాండ్ పీఎస్4 (సోనీ వాళ్ళ గేమ్ మెషిన్) కొననా, కంప్యూటరా? ఫోన్లలో ఆడుకోండని మాత్రం చెప్పకండి. నాలుగు ఫోన్లలో తలలు దూర్చుకోడానికి ఎవరూ అంతదూరం నుంచి రావడం లేదు.

ఇచ్ఛాపురం_గేటు
ముందు అమ్మగారికి ఫోన్ చేసి టీవీ ఆపు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

బల్లార్షా_బిళ్ళ
గా స్టిక్కు నా దగ్గర కూడా ఉందన్నా. మా పోరడు దాన్ని రెండో రోజుకే పక్కన పడేసిండు.

వంశధార_మెకానిక్
గుణుపురంలో టీవీలు బాగుచెయ్యడమే నా పని, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నీ స్టిక్కులో ఆలస్యం మూడు చోట్ల పుడతాది బాబూ. చవక వైర్‌లెస్ రిమోట్ దగ్గర కొంత, స్టిక్కు లోపలి చిప్పు దగ్గర కొంత, ఎల్ఈడీ టీవీ దగ్గర కొంత. ఎల్ఈడీ టీవీ వచ్చిన బొమ్మను వచ్చినట్టు చూపించదు. ముందు తన సైజుకి సాగదీసి, రంగులు సరిచేసి, అప్పుడు తెర మీద వేస్తాది. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఉంటే పెట్టు, కొంత తగ్గుతాది. పిక్చర్ ట్యూబు టీవీకి ఆ గొడవ లేదు. సిగ్నల్ వస్తూండగానే గీత గీతగా గీసేస్తాది. మారియో లాంటి గేమ్‌లు ఆ టీవీల కోసమే చేసినవి. జపాన్‌లో నింటెండో వాళ్ళ అసలు పెట్టె వచ్చింది 1983లో, మారియో 1985లో. అప్పుడున్నవి ఆ టీవీలే కదా.

మన ఇళ్ళలో ఉన్నవి చాలావరకు దాని నకలు పెట్టెలే. వాటిలో పెద్దగా పోయేదేమీ లేదు. అడాప్టర్ ఓల్టేజీ పెట్టె అడుగున రాసుంటాది. అదే ఓల్టేజీ, అదే పోలారిటీ (ప్లస్, మైనస్) చూసి పెట్టు, ఫోన్ ఛార్జర్లూ అవీ గుచ్చకు. క్యాసెట్ ఆడకపోతే ఊదొద్దు. చిన్నప్పుడు అందరం ఊదేవాళ్ళమే గానీ నోటి తడికి ఆ రాగి పళ్ళు చిలుము పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి తుడువు, మందుల షాపులో అడుగు.

టీవీ వెనక మూత మాత్రం నువ్వు విప్పకు. స్విచ్ తీసేసినా ట్యూబులో కరెంటు నిలిచి ఉంటాది, ప్రాణం మీదికొస్తాది. ఆటోలో వేసి తీసుకొచ్చెయ్, నాను సూస్తాను.

రాయగడ_రష్
అన్నా, నువ్వు వద్దన్నా ఫోన్ మాటే చెప్తాను. లాక్‌డౌన్‌లో మా బడి మూసేశాక స్నేహితులతో మాట్లాడటానికి మాకున్నది పబ్జీయే. అది 2020 సెప్టెంబర్ 2న బ్యాన్ అయినరోజు మా స్క్వాడ్‌లో ఇద్దరు నిజంగా ఏడ్చారు. తర్వాత 2021 జూలైలో అదే గేమ్ బీజీఎంఐ అనే పేరుతో వచ్చేసరికి ఒకడు భువనేశ్వర్, ఒకడు వైజాగ్, ఒకడు రాయపూర్. రాత్రి తొమ్మిదయ్యేసరికి నలుగురం ఎరాంగెల్ మ్యాపులో దిగేవాళ్ళం. మైకులో మాట్లాడుకుంటూ ఆడటం కూడా కలిసి ఆడటమే. పక్కన కూర్చుంటేనే స్నేహం అన్నట్టు రాశావు, అది నాకు నచ్చలేదు.

పర్లాకిమిడి_రెండోరిమోట్
తమ్ముడూ, మీది తక్కువ అనలేదు. మాకు దొరికింది ఆ నాలుగు రోజులే, అందుకే అలా రాశాను. బ్యాన్ అయినరోజు ఏడ్చారన్నావు చూడు, అది చదివి మనసు చివుక్కుమంది.

జయపురం_కోటనీడ
రష్ తమ్ముడి మాటలో న్యాయం ఉంది. మా రోజుల్లో జయపురం నెట్ సెంటర్లో కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్ళం. ఆరు సిస్టమ్‌లు, ఆరుగురం, ఎవరి తెర వాడిదే. డస్ట్ 2 మ్యాపు తప్ప ఇంకోటి పెడితే ఒప్పుకునేవాళ్ళు కాదు. మధ్యలో ప్లైవుడ్ అడ్డాలున్నా పక్కనుంచి తిట్లు వినపడేవి. అది కలిసి ఆడటం కాదంటే ఎలా? ఐజీఐ అయితే ఒక్కడే ఆడాల్సిన గేమ్. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీల్లేదు, చివర్లో చస్తే మళ్ళీ మొదటినుంచే. అయినా వెనక నలుగురు నిలబడి ‘కెమెరా ఉంది, వంగు వంగు’ అని చెప్తూనే ఉండేవారు.

బరంపురం_బటన్
బాతుల గేమ్ గురించి ఇంకా ఎవరూ అనలేదేంటి? మాకు పెట్టెతో పాటు తుపాకీ వచ్చింది. మా నాన్నగారు ఆఫీసు నుంచి రాగానే చొక్కా కూడా మార్చుకోకుండా బాతులు కొట్టేవారు. గురి తప్పితే గడ్డిలోంచి కుక్క లేచి నవ్వేది, దానిమీద ఆయనకి నిజంగా కోపం వచ్చేది. ఆ తుపాకీ ఇప్పటికీ ఉంది. ఎల్ఈడీ టీవీకి పెడితే ఒక్క బాతూ పడట్లేదు. తుపాకీ పాడైందా?

వంశధార_మెకానిక్
తుపాకీ బాగానే ఉండుంటాది. అది వెలుతుర్ని పంపదు, తీసుకుంటాది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి వస్తాది. గొట్టంలో ఉన్న కన్నుకి ముందు నలుపు, వెంటనే తెలుపు కనిపిస్తే దెబ్బ తగిలినట్టు. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపే. ట్యూబు టీవీ గీత గీసే వేగాన్ని నమ్ముకుని చేసిన పని అది. ఎల్ఈడీలో బొమ్మ ఆలస్యంగా వస్తాది, ఆ మిణుకు కూడా ఉండదు. అందుకే ఏ కొత్త టీవీలోనూ పడదు. తుపాకీ పారెయ్యకు బాబాయ్.

బరంపురం_బటన్
బాబాయ్ కాదండీ, నేను ఆడపిల్లల తల్లిని. ఇప్పుడు వాళ్ళకి డబ్బా టీవీ ఎక్కడ వెతకాలి అన్నమాట.

వంశధార_మెకానిక్
అయ్యో, అమ్మా! మన్నించాలి. నా షాపులో రెండున్నాయి, ఇస్తాను.

ఇచ్ఛాపురం_గేటు
బాబాయ్ అనగానే బేరం తప్పింది, అమ్మా అనగానే టీవీ దొరికింది.

బల్లార్షా_బిళ్ళ
మీరందరు ఇంట్ల ఆడినోళ్ళు. మాకు ఇంట్ల పెట్టె లేదు. స్టేషన్ దగ్గర ఒక దుకాణంల పెద్ద మిషన్ ఉండె, ముస్తఫా. రూపాయి బిళ్ళ ఏస్తే ఒక ఆట. ముగ్గురు ఒక్కసారి ఆడచ్చు. ఇగ లొల్లి ఏందంటే ముగ్గురికీ ముస్తఫానే కావాలె, పసుపు టోపీ పెట్టుకుని ఎగిరి తన్నేటోడు. ఎవడు ముందు బిళ్ళ ఏస్తే ఆయనకే. మూడో స్టేజీల కారెక్కి గుండాలను గుద్దుకుంట పోతుంటే ఆడనోళ్ళు కూడా మిషన్ మీద పడి చూసేటోళ్ళు. మా దగ్గర బొగ్గు గనుల పిల్లలు, కాగితం మిల్లు పిల్లలు, మరాఠీ, తెలుగు, హిందీ, అందరం గా దుకాణంలనే దోస్తులైనం. గా గేమ్ అసలు పేరు నాకు ఇరవై ఏండ్లు దాటినంక తెల్సింది.

జయపురం_కోటనీడ
క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. క్యాప్‌కామ్‌ది, 1993. ఒక అమెరికా కామిక్ పుస్తకం ఆధారంగా చేశారు. మనవాళ్ళకి ఆ పేరు నోరు తిరగక అందులో ఒక హీరో పేరే గేమ్ పేరైంది.

బల్లార్షా_బిళ్ళ
గది ఇప్పుడు పైసలిచ్చి కొనుక్కుందామంటే ఏడ దొరుకుతదన్నా? నేను దొంగది కాదు, సక్కగ కొందామనుకుంటున్న.

జయపురం_కోటనీడ
దొరకదు. 2018లో క్యాప్‌కామ్ తన పాత కొట్లాట గేమ్‌లు ఏడు కలిపి ఒక కట్టగా అమ్మింది. అందులో ఫైనల్ ఫైట్ ఉంది, కెప్టెన్ కమాండో ఉంది, ఇది లేదు. కామిక్ హక్కులు వేరేవాళ్ళవి, కార్ల కంపెనీ పేరు వేరేవాళ్ళది. ఇలాంటి గేమ్ మళ్ళీ అమ్మాలంటే అందరూ సంతకం పెట్టాలి.

పర్లాకిమిడి_రెండోరిమోట్
ఇక్కడే నాకు కోపం వస్తుంది. డబ్బులిచ్చి కొంటామన్నా అమ్మరు. ఊరికే ఆడుకుంటే దొంగలంటారు.

జయపురం_కోటనీడ
నా మాట వేరు. అమ్మని గేమ్ సంగతి సరే. కానీ నువ్వు కొన్న పదివేల గేమ్‌ల స్టిక్కులో ఇవాళ షాపులో దొరికేవి కూడా ఉన్నాయి. ఆ డబ్బులో గేమ్ చేసినవాడికి పైసా వెళ్ళదు. కాంట్రా ఆనివర్సరీ కలెక్షన్ 2019 నుంచి అమ్ముతున్నారు, నువ్వు చిన్నప్పుడు ఆడిందీ, మిషన్ మీదదీ రెండూ అందులో ఉన్నాయి. అంత ప్రేమ ఉన్నప్పుడు దాన్ని కొనుక్కోవడమే మర్యాద.

రాయగడ_రష్
చిన్నప్పుడు మీ క్యాసెట్లు అసలువా అన్నా? 9999 గేమ్‌ల క్యాసెట్లు కదా అందరివీ.

జయపురం_కోటనీడ
అప్పుడు మన ఊళ్ళల్లో అసలుది అమ్మేవాడే లేడు తమ్ముడూ. ఇప్పుడు ఫోన్లోంచే కొనొచ్చు, యూపీఐతో. అదే తేడా.

మహేంద్రతనయ
పర్లాకిమిడి నుంచే. కరెంటు మాట మర్చిపోతున్నారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మన జిల్లా మొత్తం చీకటే. స్తంభాలు, కొబ్బరిచెట్లు, అన్నీ రోడ్డు మీదే. మా అన్నయ్య దగ్గర ఒక పీఎస్‌పీ ఉండేది, చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషిన్. ట్రాక్టర్ బ్యాటరీకి ఇన్వర్టర్ పెట్టి ముందు అందరి ఫోన్లూ, చివర్లో అదీ ఛార్జ్ చేసేవాడు. సాయంత్రం వీధిలో పిల్లలందరూ మా అరుగు మీద. ఒక్కొక్కరికి ఒక్క ప్రాణం, అయిపోగానే పక్కవాడికి. బియ్యం కోసం నాన్న లైన్లో నిలబడి వచ్చేసరికి అక్కడ నవ్వులు వినిపించేవి. ఇల్లు పైకప్పు ఎగిరిపోయిన పిల్లవాడు కూడా వాళ్ళల్లో ఉన్నాడు, వాడికి మాత్రం రెండు ప్రాణాలు ఇచ్చేవారు. ఎవరూ చెప్పలేదు, వాళ్ళే అలా అనుకున్నారు.

దసరా రోజుల్లో మనకి తుపాన్లు అలవాటే కదా. చిన్న ఇన్వర్టర్ మీద నడిచేది కొనండి.

బరంపురం_బటన్
ఫైలిన్ కూడా 2013 దసరాకే వచ్చింది. ఆ రెండు ప్రాణాల మాట మా పిల్లలకి చదివి వినిపించాను.

వంశధార_మెకానిక్
నిజమే. 21 అంగుళాల ట్యూబు టీవీ వంద వాట్లలోపే లాగుతాది, గేమ్ పెట్టెకైతే అసలు లెక్కలేదు. ఇంటి ఇన్వర్టర్ సులువుగా మోస్తాది.

రాయగడ_రష్
పీఎస్4 సంగతి ఎవరూ చెప్పలేదు. సెకండ్ హ్యాండ్‌లో బడ్జెట్‌లోనే వస్తుంది కదా.

బరంపురం_బటన్
నేను కొన్నాను, సెకండ్ హ్యాండే. బాగుంది. కానీ నలుగురికి నాలుగు రిమోట్లు కావాలి. అసలు కంపెనీవి ఖరీదెక్కువ, పాతిక వేలలో చాలా భాగం అక్కడే అయిపోతుంది. కొంటే మాత్రం ఎదురుగా ఆన్ చేయించి రెండు విషయాలు చూడండి: డిస్క్ లోపలికి వెళ్ళి చదువుతోందా, రిమోట్ పుల్లని ముట్టుకోకపోయినా బొమ్మ తనంతట తాను నడుస్తోందా. నడిస్తే ఆ రిమోట్ పోయినట్టే.

ఒక చిట్కా చెప్తాను. ఓవర్‌కుక్డ్ అని వంటింటి గేమ్ ఉంది, నలుగురు ఆడొచ్చు. అందులో ఒకే రిమోట్‌ని ఇద్దరు చెరో వైపు పట్టుకుని ఆడే వీలుంది. మా అత్తగారు జీవితంలో రిమోట్ పట్టలేదు. ఉల్లిపాయలు తరగడం ఆవిడకిచ్చాం, మేం ప్లేట్లు కడిగేవాళ్ళం. అన్నం మాడిపోతోందని తెర మీద మంట రాకముందే ఆవిడ అరిచేది. ఆటలో ఆవిడ గొంతు అంత పెద్దదని మాకు అప్పుడే తెలిసింది.

ఇచ్ఛాపురం_గేటు
బటన్ అక్కా, అత్తగారికి మా క్లబ్బు తరఫున నమస్కారం చెప్పండి.

జయపురం_కోటనీడ
నా సలహా ఇది. ఆఫీసుల్లోంచి వచ్చిన పాత కంప్యూటర్ పన్నెండు వేలలోపు దొరుకుతుంది, 8 జీబీ ర్యామ్ ఉన్నది చూసుకో. రిమోట్లు నాలుగు, వైరువి, ఒక్కోటి వెయ్యి లోపల. స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 4 కొను, 2020ది, నలుగురు ఒకే తెర మీద. నింజా తాబేళ్ళది ష్రెడర్స్ రివెంజ్, 2022ది, కంప్యూటర్ మీద ఆరుగురి దాకా ఆడొచ్చు. బిళ్ళ తమ్ముడూ, నువ్వూ విను, ముస్తఫా ఆకలి కొంతైనా తీర్చేది ఇవే. కంప్యూటర్ గేమ్‌లు ఆన్‌లైన్లో అమ్మే స్టీమ్‌లో సేల్ వచ్చినప్పుడు కొంటే సగం ధరకి వస్తాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు.

బల్లార్షా_బిళ్ళ
ముస్తఫా లేకుంటే మస్తు కాదు గానీ, చూస్తనన్నా.

పర్లాకిమిడి_రెండోరిమోట్
ఇప్పుడే ఫోన్ వచ్చింది. మాలో ఒకడు రాలేనంటున్నాడు. సూరత్‌లో మగ్గాల యూనిట్లో సూపర్‌వైజర్, దీపావళి ఆర్డర్ల వల్ల సెలవు ఇవ్వలేదట. జలపాతం దగ్గర అందరికంటే ముందు ఎక్కేసేది వాడే. నలుగురు లేకుండా ఏం కొన్నా ఒకటే అనిపిస్తోంది.

బరంపురం_బటన్
మన గంజాం వాళ్ళకి సూరత్‌తో ఇదే బాధ. మా వీధిలో సగం ఇళ్ళకి దసరా అంటే వీడియో కాలే.

రాయగడ_రష్
అన్నా, ఇక్కడ నా మాట వినాలి. స్టీమ్‌లో రిమోట్ ప్లే టుగెదర్ అని ఉంది. ఒకే తెర మీద ఆడే గేమ్‌ని నీ కంప్యూటర్లో నడిపి దూరంగా ఉన్నవాడిని పిలవొచ్చు. వాడు గేమ్ కొనక్కర్లేదు, నీ తెర వాడికి వీడియోలా వెళ్తుంది, వాడి బటన్లు నీకు వస్తాయి. వాడి ఫోన్లో స్టీమ్ లింక్ యాప్ ఉన్నా చాలు, దానికో బ్లూటూత్ రిమోట్. నీ ఇంటి ఇంటర్నెట్ అప్‌లోడ్ బాగుండాలి, అంతే. మొబైల్ డేటా మీద ఆధారపడకు, పర్లాకిమిడిలో సగం ఫోన్లు పాతపట్నం టవర్ పట్టుకుంటాయి. కంప్యూటర్ని కేబుల్‌తో రూటర్‌కి కలుపు. స్క్వాడ్ ఆడీ ఆడీ ఈ పింగు (నెట్‌లో ఆలస్యం) సంగతులన్నీ మాకు కొట్టినపిండి.

జయపురం_కోటనీడ
సరిగ్గా చెప్పాడు. 2019 నుంచి ఉంది అది. కాంట్రాకి కొంచెం ఆలస్యం తెలుస్తుంది, కొట్లాట గేమ్‌లకి పర్వాలేదు. ఇద్దరే ఆడే ఇట్ టేక్స్ టూ అయితే ఇంకా మేలు, ఒకరు కొంటే రెండోవాడికి ఉచితంగా ఫ్రెండ్ పాస్ వస్తుంది. అది రెండు మెషిన్ల మీద ఎవరికి వారు నడిపేది కాబట్టి ఆలస్యం గొడవ తక్కువ. వాడి దగ్గర మాత్రం మంచి కంప్యూటర్ ఉండాలి.

పర్లాకిమిడి_రెండోరిమోట్
రష్ తమ్ముడూ, చెయ్యి ఇలా ఇవ్వు. వాడికి ఇప్పుడే చెప్పాను, రాత్రి డ్యూటీ దిగాక పదకొండింటికి కూర్చుంటానన్నాడు. బ్లూటూత్ రిమోట్ నేనే కొని సూరత్‌కి పంపిస్తున్నాను.

అయితే లెక్క ఇలా: పాత కంప్యూటర్ ఒకటి, మూడు వైరు రిమోట్లు, సూరత్‌కి ఒకటి. కాంట్రా కలెక్షన్, స్ట్రీట్స్ ఆఫ్ రేజ్, ఓవర్‌కుక్డ్ కొంటాను, మా అమ్మ కూడా ఉల్లిపాయలు తరగాలి. డబ్బా టీవీ, పాత పెట్టె గుణుపురం వస్తున్నాయి. మెకానిక్ గారూ, ఖర్చెంతవుతుంది? రిమోట్ ఒకటి వైరు తెగిపోయింది, కొత్తది దొరుకుతుందా?

వంశధార_మెకానిక్
టీవీ తెరిచి చూస్తేగానీ చెప్పలేను. మామూలుగా అయితే ఎండిపోయిన కెపాసిటర్లు మార్చాలి, అది పెద్ద ఖర్చు కాదు. రిమోట్ కొనేముందు ఆ ప్లగ్గు పిన్నులు లెక్కపెట్టు. 9 పిన్నులవీ ఉంటాయి, 15 పిన్నులవీ ఉంటాయి, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. వైరు తెగిందంతే అయితే కొత్తది కొనకు, నేనే అతికిస్తాను. టీవీని తెర ముందుకి కాకుండా సీటు వైపు తిప్పి, కింద దుప్పటి వేసి తీసుకురా. ఆ రోడ్డు సంగతి నీకు తెలుసు కదా.

బల్లార్షా_బిళ్ళ
కాంట్రాల ముప్పై ప్రాణాల కోడ్ యాదికుందా అన్నా?

పర్లాకిమిడి_రెండోరిమోట్
పైకి పైకి కిందికి కిందికి ఎడమ కుడి ఎడమ కుడి బి ఏ. ఇద్దరాడితే సెలెక్ట్ కొట్టి స్టార్ట్.

జయపురం_కోటనీడ
ఆ కోడ్ పెట్టిన కజుహిసా హషిమోటో 2020లో పోయారు. 1986లో గ్రాడియస్ గేమ్‌ని ఇంటి పెట్టెకి మారుస్తూ, పరీక్షించడానికి మరీ కష్టంగా ఉందని తన కోసం పెట్టుకున్నారట. తీసెయ్యకుండానే గేమ్ బయటికొచ్చింది. తర్వాత కాంట్రాలోనూ పెట్టారు. మనం ఎన్ని వేసవులు గడిపాం ఆయన పుణ్యమా అని.

రాయగడ_రష్
అన్నా, దసరాకి నేనూ రానా? రాయగడ నుంచి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఉంటాను. సూరత్ లైన్ సెట్ చెయ్యడానికి ఎవరో ఒకరు కావాలిగా.

పర్లాకిమిడి_రెండోరిమోట్
అష్టమి రోజు వచ్చెయ్ తమ్ముడూ, భోజనం మా ఇంట్లోనే. రూలు మాత్రం అదే, చచ్చినవాడు రిమోట్ ఇచ్చెయ్యాలి.